నలభై ఒక్క ఖాళీలు

“ప్యానెల్ ఆపకండి. ల్యాప్‌టాప్ మళ్లీ ఆన్ చెయ్యకండి. ఈ రెండూ చెయ్యకుండా ఉంటే చాలండి. పొద్దున్న మొదటి బండికి వచ్చేస్తాను.”

రాత్రి పదకొండు గంటలకు గూడెం నుంచి ఫోనులో ఆయన చెప్పింది ఇంతే. తాడేపల్లిగూడెంలో చిన్న షాపు ఆయనది. చుట్టుపక్కల రైసు మిల్లులకీ ఐసు ఫ్యాక్టరీలకీ కంట్రోల్ ప్యానెళ్లు బాగుచేస్తారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఆయన చేతిపని గురించి మాత్రం వివరంగా రాయకుండా ఉండలేను. ఇరవై రెండేళ్లుగా మోటార్లూ స్టార్టర్లూ చూస్తున్నవాణ్ని. పాడైన ఫైలును బాగుచెయ్యడం కూడా వడ్రంగం లాంటి, నేత లాంటి పనేనని, దానికీ ఒక చెయ్యీ ఒక చూపూ ఉంటాయని ఆ మూడు రోజుల్లో దగ్గరుండి చూశాను.

నేను పనిచేసేది ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే దారిలో, కొల్లేటి అంచున ఉన్న ఒక చేపల మేత మిల్లులో. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో అభయారణ్యం హద్దులోని చెరువు గట్లను ప్రభుత్వం తెగ్గొట్టించింది. హద్దుకు ఇవతల మాత్రం కనుచూపు మేర చెరువులే. వాటిలో బొచ్చె, శీలావతి. ఒకప్పుడు మేతంటే తవుడూ చెక్కా. సంచికి చిల్లులు పొడిచి గెడకు కట్టి నీళ్లలో దించితే చేపలే వచ్చి ఆ చిల్లుల్లోంచి లాక్కుని తినేవి. ఆ గెడలు ఇప్పటికీ ఉన్నాయి. వాటి పక్కనే నీటి మీద తేలే గుళికల మేత కూడా వచ్చింది. ఆ గుళికలు తయారయ్యే వరసంతా, అంటే తూకం తొట్టి, మిక్సర్, ఆవిరి పట్టే కండిషనర్, ఎక్స్‌ట్రూడర్, డ్రైయర్, కూలర్, ఒకదాని తర్వాత ఒకటి సరైన సమయానికి కదిలేలా చూసేది పీఎల్‌సీ అనే చిన్న పెట్టె.

దీని పుట్టుక కొంచెం చెప్పాలి. వెనకటి ఫ్యాక్టరీల్లో ఈ పని రిలేలు చేసేవి, గోడ నిండా టకటకమనే రిలేలు. ఒక్క మార్పు చెయ్యాలంటే వైర్లన్నీ పీకాలి. 1968లో అమెరికాలో డిక్ మోర్లే, ఆయన తోటివాళ్లు ఆ రిలేల పటాన్ని వైర్లతో కాక ప్రోగ్రాంతో గీయవచ్చని తలపెట్టారు. వాళ్ల కంపెనీకి అది 84వ ప్రాజెక్టు, అందుకే మొదటి యంత్రానికి మోడికాన్ 084 అని పేరు. అప్పటి ఎలక్ట్రీషియన్లు చదవగలిగేది రిలే పటాన్నే కాబట్టి ప్రోగ్రాంను కూడా అలాగే, అటూ ఇటూ రెండు నిట్రాళ్లు, మధ్యలో మెట్లుగా, నిచ్చెనలా గీశారు. ల్యాడర్ అన్న పేరు అలా వచ్చింది. ఇవాళ మా ప్యానెల్లో నడిచేదీ ఆ నిచ్చెనే.

యంత్రానికి పేర్లు అక్కర్లేదు. ‘ఎం112 ఆన్ అయితే వై7 ఆపు’ అంటే దానికి చాలు. ఎం112 అంటే తొట్టి నిండిందని, వై7 అంటే స్క్రూ కన్వేయర్ మోటారని తెలియాల్సింది మనిషికి. మా మోడల్ పీఎల్‌సీలో మెట్లు మాత్రమే ఉంటాయి. పేర్లూ, ‘ఇది ఎందుకు పెట్టాం’ అని రాసుకున్న వ్యాఖ్యలూ ల్యాప్‌టాప్‌లోని ప్రాజెక్టు ఫైలులో ఉంటాయి. మా ఫైలులో అలాంటివి 612. వాటిలో చాలా మటుకు రాసిన ఇంజనీరు మిల్లు వదిలి వెళ్లి చాలా కాలమైంది.

నిరుడు అక్టోబరులో ఆ రాత్రి కూలర్ ఫ్యాన్ టైమింగు మారుద్దామని ఆ ఫైలు తెరిచాను. మార్పు చేసి సేవ్ కొట్టాను. సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోయింది. పది నిమిషాలు చూశాను, చక్రం గుర్తు తిరుగుతూనే ఉంది. బయట వాన, కరెంటు వచ్చి పోతోంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, చార్జర్ మీదే నడుస్తోంది. ఒక్కసారి లైట్లు పోయాయి, తెర నల్లబడింది. జనరేటర్ అందుకున్నాక తెరిస్తే ఫైలు పాడైందనీ తెరవడం కుదరదనీ వచ్చింది. పెన్‌డ్రైవ్‌లో కాపీ ఉందన్న ధీమాతో దాన్ని గుచ్చాను. అందులో ఉన్నది ఫైలు కాదు, షార్ట్‌కట్. ఎవరో ఏ రోజో డెస్క్‌టాప్ మీది బొమ్మను లాగి అందులో పడేశారు. రెండేళ్లుగా మేం బ్యాకప్ అనుకుని భద్రంగా బీరువాలో దాచుకున్నది దాన్నే.

పొద్దున్న ఏలూరు స్టేషన్ నుంచి ఆయన్ని బండి మీద తీసుకొచ్చాను. రాగానే ఆయన ల్యాప్‌టాప్ అడగలేదు. ప్యానెల్ తలుపు తెరిచి పీఎల్‌సీ మీద ఎర్రలైటు వెలుగుతోందా అని చూశారు. అది బ్యాటరీ లైటు. కరెంటు పోయినప్పుడు ప్రోగ్రాంను పట్టుకుని ఉండేది లోపలి లిథియం బ్యాటరీ. అది నీరసించి ఉన్న సమయంలో ప్యానెల్ ఆపితే ఉన్న మెట్లు కూడా పోవచ్చు. లైటు వెలుగుతోంది. మేం గమనించి ఎన్నాళ్లయిందో! రాత్రి ఫోనులో ‘ఆపకండి’ అన్నది దీని కోసం. ముందు తన సొంత ల్యాప్‌టాప్ తగిలించి పీఎల్‌సీలో ఉన్నదంతా అప్‌లోడ్ తీసుకున్నారు. ఆ కాపీని రెండు చోట్ల దాచారు. కరెంటు ఉండగానే బ్యాటరీ మార్చారు. అప్పటిగ్గాని టీ తాగలేదు.

“మా నాన్నగారిది మోటారు వైండింగ్ షాపండి,” అన్నారు టీ తాగుతూ. “కాలిపోయిన మోటారు వస్తే పాత చుట్టు కొయ్యకముందే లెక్క రాయించేవారు. ఎన్ని చుట్లు, ఏ గేజి తీగ, ఏ గాడిలోంచి ఏ గాడిలోకి. ఒకసారి రాయకుండా కోసేశాను. ఆ మోటారు మళ్లీ ఎప్పటిలా తిరగలేదు.”

వైండింగ్ షాపులో కూర్చున్నవాళ్లకి ఈ సంగతి తెలుసు. కాలిపోయిన చుట్టే కొత్త చుట్టుకు కొలత. దాన్ని పారేస్తే ఇక కొలత లేదు. ఆయన చేసిన పనంతా ఆ షాపులో లెక్క రాసుకున్న కుర్రాడి పనిలాగే కనిపించింది నాకు.

ల్యాప్‌టాప్‌లోంచి డిస్కును స్క్రూలు విప్పి బయటికి తీశారు. చదవనిస్తుంది కాని రాయనివ్వదు, అలాంటి చిన్న పెట్టెకు తగిలించి మొత్తం డిస్కును అక్షరం పొల్లు పోకుండా ఇంకో డిస్కులోకి ఎత్తారు. గంటలు పట్టింది. తర్వాత అసలు డిస్కును కవర్లో పెట్టి, తేదీ రాసి, నా చేతికిచ్చేశారు. పని ముగిసేదాకా దాన్ని మళ్లీ ముట్టుకోలేదు. ల్యాప్‌టాప్ ఆన్ చెయ్యొద్దన్నదీ ఇందుకే. విండోస్ లేచిన ప్రతిసారీ డిస్కు మీద తన సొంత గీతలు వందలు గీసుకుంటుంది. తుడిచేసిన పాత ఫైళ్ల జాగాలోనే ఆ గీతలు పడతాయి. మాది పాత రకం తిరిగే డిస్కు కావడం కలిసొచ్చింది. ఎస్‌ఎస్‌డీ అయితే తుడిచేసిన జాగాను అది తనంతట తనే శుభ్రం చేసుకుంటుంది, వెతకడానికి చాలాసార్లు ఏమీ మిగలదు.

ఇక ఫైలు. పాడైన ఫైలును ఆయన సాఫ్ట్‌వేర్‌లో తెరవలేదు. ఉన్నదున్నట్టు బైటు బైటుగా చూపించే పనిముట్టులో తెరిచారు. తెర నిండా రెండేసి అంకెల జంటలు. వేగంగా కిందికి జరుపుతూ వెళ్లి ఒకచోట ఆగారు. అక్కణ్నుంచి చివరిదాకా అన్నీ సున్నాలే.

“ఈ సున్నాలు ఎక్కడ మొదలయ్యాయో చూడండి,” అన్నారు. పక్కన స్థానం అంకె ఉంది, పదికి బదులు పదహారుతో లెక్కించే హెక్సాడెసిమల్ లెక్కలో. దాని చివరి మూడు స్థానాలూ సున్నాలు. నాకేం అర్థం కాలేదు. విండోస్ సాధారణంగా డిస్కును 4096 బైట్ల గళ్లుగా కోసుకుని వాడుతుంది. 4096 అంటే ఆ లెక్కలో 1000. అంటే మా ఫైలులో సున్నాలు మొదలైంది సరిగ్గా ఒక గడి అంచున. సాఫ్ట్‌వేర్ పిచ్చెక్కి చెత్త రాసి ఉంటే అది గడి అంచు చూసుకుని ఆగదు, ఎక్కడపడితే అక్కడ విరుగుతుంది. ఇది మాత్రం డిస్కు పట్టీలో ఫైలు పొడవు ఎక్కిందిగాని, సరుకు వచ్చి గళ్లలో పడేలోపే కరెంటు పోయిన గుర్తు.

“అంటే ఈ గీతకి ఇవతల ఉన్నది నమ్మొచ్చండి.”

ఒక్క అంకె తీరు చూసి జబ్బేమిటో, ఎక్కడిదాకా పాకిందో చెప్పడం! నాడి పట్టుకున్న వైద్యుణ్ని చూసినట్టనిపించింది. సాఫ్ట్‌వేర్ సేవ్ చేసే తీరు మీద మాత్రం ఆయనకు కోపమొచ్చింది. కొత్త ఫైలును పక్కన పూర్తిగా రాసి, డిస్కుకు చేరిందని రూఢి చేసుకుని, ఆ తర్వాతే పాతదాని పేరు దానికి పెట్టాలి. అలా చేస్తే మధ్యలో ఏమైనా పాతదైనా మిగులుతుంది. ఇది పాతదాని మీదే రాసేసింది. “ఉన్న ఇల్లు పడగొట్టి ఆ జాగాలోనే కొత్తిల్లు మొదలెట్టారు, సగంలో వాన పట్టుకుంది,” అన్నారు.

ఫైలు మొదట్లో 50 4బి 03 04 అన్న నాలుగు బైట్లున్నాయి. ముందు రెండూ అక్షరాలుగా చదివితే ‘పి’, ‘కె’. ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు. 1989లో జిప్ పద్ధతిని తెచ్చిన మనిషి ఆయన. ఇప్పటి ప్రాజెక్టు ఫైళ్లు చాలావరకు బయటికి ఏ పేరుతో కనిపించినా లోపల జిప్ మూటలే. మాదీ అంతే. ఈ మూటలో ఒక మెలిక ఉంది. లోపల ఏ ఏ ఫైళ్లున్నాయో చెప్పే పట్టిక మూట చివర ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ముందు దాని కోసం చివరికి వెళ్తుంది. మా ఫైలు చివర సున్నాలు. పట్టిక లేదు కాబట్టి ఫైలే లేదు పొమ్మంది.

ఆయన తాటాకుల పోలిక చెప్పారు. కట్టకు దారం తెగితే ఆకులు చెల్లాచెదురవుతాయి. కాని ప్రతి ఆకు మీదా దాని అంకె ఉంటుంది కదా. జిప్‌లోనూ ప్రతి లోపలి ఫైలుకు ముందు దాని పేరు, తేదీ, సరిచూసుకునే సంఖ్య ఒకటి విడిగా రాసి ఉంటాయి. పట్టికను పక్కన పెట్టి, ఆ పి-కె గుర్తులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతుక్కుంటూ ఒక్కొక్క ఆకునూ విడదీశారు. విడదీసిన ప్రతిదానికీ ఆ సంఖ్య మళ్లీ కట్టి, రాసి ఉన్నదాంతో పోల్చారు. మెట్లున్న భాగం సంఖ్య సరిపోయింది. దాన్ని పీఎల్‌సీ నుంచి తీసిన కాపీ పక్కన పెట్టి చూస్తే రెండే రెండు చోట్ల తేడా. రెండూ నేను యంత్రం నడుస్తుండగా మార్చి సేవ్ చెయ్యని టైమర్లే. నడుస్తున్న కాపీనే అసలుగా ఉంచారు.

పేర్లూ వ్యాఖ్యలూ ఉన్న భాగం మాత్రం నడిమికి విరిగింది. నొక్కి చుట్టిన సమాచారంలో ప్రతి ముక్కా తనకన్నా ముందు వచ్చిన ముక్కల్ని చూపించుకుంటూ పోతుంది. తల పోతే తోక ఉండీ దండగ. తోక పోతే మాత్రం తలదాకా విప్పుకోవచ్చు. మాకు పోయింది తోక. విప్పుకుంటూ పోతే 388 పేర్లు చెక్కుచెదరకుండా వచ్చాయి. 388వ దాని వ్యాఖ్య మాత్రం మధ్యలో తెగింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు అది: ‘గేటు ముయ్యకముందే మో’. అంతే. తర్వాత సున్నాలు.

“మోటారు,” అన్నాను నేను వెంటనే.

ఆయన ఆ మాట రాయలేదు. ‘మో’ దగ్గర ఆపి, పక్కన తెగిందని గుర్తు పెట్టారు. తర్వాత మెట్లలోకి వెళ్లి ఆ చిరునామా ఏ అవుట్‌పుట్‌ను కదుపుతోందో చూసి, అది మోటారేనని తేల్చుకుని, ఆ సంగతి కింద వేరే వరసలో రాశారు. తెగిన వాక్యాన్ని తెగినట్టే ఉంచారు. నా ఊహ సరైనదే. అయినా ఆయన ఒప్పుకోలేదు. ఈ మనిషి పనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ ఒక్క అక్షరం దగ్గర ఆగడం.

మిగతా 224 పేర్ల కోసం రెండో రోజంతా డిస్కు కాపీలోని ఖాళీ జాగాను గాలించారు. అవే పి-కె గుర్తులు. వందల మూటలు దొరికాయి. ఎక్కువ భాగం వేరే వేరే ఫైళ్లవి. సాయంత్రం ఒకటి మా ప్రాజెక్టుది బయటపడింది, చివరి పట్టికతో సహా నిండుగా. దానికి పేరు లేదు, డిస్కు దాన్ని ఎప్పుడో మరిచిపోయింది. ఏనాటిదో లోపలి ఆకుల మీది తేదీలే చెప్పాయి. మా ఎక్స్‌ట్రూడర్ లైను బిగించడానికి ముందుది. దాన్నుంచి 183 పేర్లు వచ్చాయి. ప్రతి పేరునూ ఇప్పటి మెట్లలో ఆ చిరునామా ఇంకా అదే పని చేస్తోందా అని సరిచూశాకే తీసుకున్నారు.

మిగిలినవి 41. అన్నీ ఎక్స్‌ట్రూడర్ లైనువి. ఏ డిస్కులోనూ ఏ కాయితంలోనూ లేవు.

మూడో రోజు కంప్యూటర్ మూసేసి, టెస్టరూ మీటరూ పట్టుకుని షెడ్డులోకి దిగారు. నన్ను ఒక్కో సెన్సార్ ముందు చెయ్యి అడ్డం పెట్టమని, తను ప్యానెల్ దగ్గర ఏ ఇన్‌పుట్ లైటు వెలిగిందో చూసి రాసుకున్నారు. వైర్ల చివర తొడుగుల మీద అంకెలు నూనె మురికికి మాసిపోతే గుడ్డతో తుడిచి చదివారు. అలా 22 తేలాయి. వైరు లేనివి, మెట్ల లోపలే పుట్టి లోపలే పోయేవి ఇంకా ఉన్నాయి. వాటిలో ఒకటి తొట్టి వైబ్రేటర్ టైమరు. మిగతా తొట్లకు ఆరు సెకన్లుంటే దీనికి పద్నాలుగు. అది పొరపాటా, కావాలని పెట్టిందా? ఆపరేటరును అడిగారు. మిల్లు పెట్టిననాటి నుంచి ఉన్న పెద్దాయన.

“బాబాయ్, ఈ వైబ్రేటర్ ఒక్కటీ పద్నాలుగు సెకన్లెందుకండీ?”

“ఆరుకి దిగేది కాదు బాబూ. వానాకాలం తవుడు చెమ్మ పట్టి తొట్టి గోడకి అంటుకుపోయేది. సుత్తి పెట్టి కొట్టేవాళ్లం. అప్పుడు ఆ ఇంజనీరు గారు పెంచారు.”

“మీరు అప్పుడున్నారా?”

“సుత్తి నా చేతిలోనే ఉందయ్యా.”

ఆయన నిచ్చెనెక్కి తొట్టి వెనక చూసొచ్చారు. రేకు నిండా సొట్టలు. దిగి వచ్చి రెండు గుర్తులు పెట్టారు: ‘వి’, ‘చూ’. విన్నది, చూసింది. కొత్త ఫైలులో ప్రతి పేరుకూ ముందు అలాంటి గుర్తు ఒకటి ఉంది. విరిగిన ఫైలు నుంచి వస్తే ‘ఫై’, పాత కాపీ నుంచైతే ‘పా’, మెట్లు చదివి తేల్చుకున్నదైతే ‘త’, అంటే తర్కం. విని రాసుకున్నవి 11, తర్కంతో తేలినవి 5. సాయంత్రానికి మూడు మిగిలాయి. వాటికి ఏదో ఒక పేరు పెట్టడం ఎంత సులువు! మెట్లు ఎలాగూ నడుస్తున్నాయి, అడిగేవాళ్లు లేరు. ఆయన వాటి పక్కన ‘తెలియదు’ అని రాసి, కింద తేదీ వేశారు.

పోతన భాగవతం మట్టిలో చెదలు తిన్నదన్న కథ మనం చిన్నప్పట్నుంచీ విన్నదే. కథ సంగతి ఎలా ఉన్నా, గ్రంథంలో కనిపించేది ఇదీ: ఐదో స్కంధం గంగనది, ఆరోది సింగనది, పదకొండూ పన్నెండూ వెలిగందల నారయవి. ఆ స్కంధాల చివరి గద్యల్లో వాళ్ల పేర్లే ఉన్నాయి. పోతన పేరు మాటున తమ చెయ్యి దాచెయ్యడం వాళ్లకు చేతకాక కాదు. పూరించింది ఎక్కడో పూరించినవాళ్లే చెప్పి వెళ్లారు. కాబట్టే ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా పోతన పద్యం ఏదో మనం వేలు పెట్టి చూపించగలుగుతున్నాం. మా షెడ్డులో కూర్చుని ‘ఫై’, ‘పా’, ‘వి’ అని రాసుకుంటున్న మనిషిని చూస్తుంటే నాకు ఆ గద్యలే గుర్తొచ్చాయి.

వెళ్లేముందు 612 వరసలూ అచ్చు తీయించి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ప్యానెల్ తలుపు లోపలివైపు అంటించారు. ఫైలుకు మూడు కాపీలు చేశారు. ఒకటి మిల్లులో, ఒకటి ఏలూరులో మా యజమాని ఇంట్లో, ఒకటి తన షాపులో. మూడింటినీ వేరే కంప్యూటర్లో తెరిచి చూపించాకే సంచి సర్దుకున్నారు. బయల్దేరేముందు నా దగ్గరున్న పాత డిస్కు కవరు విప్పలేదని నా చేత చూపించుకున్నారు.

ఆ మూడు ఖాళీల్లో ఒకటి ఎం218. మొన్న సంక్రాంతికి ఊరొచ్చిన పాత హెల్పరొకడు మిల్లుకి వచ్చి, ప్యానెల్ తలుపు మీది కాయితం చూసి, అది డ్రైయర్ బెల్టు జారితే పడే లాకు అన్నాడు. నేను వెంటనే గూడెం ఫోను చేశాను. ఖాళీ నిండిందని సంతోషంగా చెప్పాను.

“బెల్టు జార్చి చూశారా అండీ?”

“లేదండీ. వాడు చెప్పాడు.”

“అయితే ‘వి’ పెట్టండి. తేదీ వెయ్యండి. ఈసారి డ్రైయర్ ఆపినప్పుడు కబురు పెడితే నేనూ వస్తాను, చూద్దాం.”